తిప్పతీగ, నా పేరు

నా చిన్నప్పుడు పుప్పాలగూడలో వానలు మొదలయ్యాయంటే మా ఇంట్లో పిల్లలందరికీ పొద్దున్నే తిప్పతీగ కషాయం తప్పేది కాదు. మా నాయనమ్మ తీగ ముక్కల మీది పలుచని పొట్టు గోటితో గీకి, రోట్లో నలగ్గొట్టి, కుండలో మరిగించి, తలా ఒక ముంత చేతికిచ్చి ఎదురుగా కూర్చునేది. తాగేదాకా లేచేది కాదు. వానాకాలపు జ్వరాలు గడప తొక్కకూడదని ఆమె పట్టుదల. ఆ చేదు మధ్యాహ్నం బువ్వ తినేదాకా నాలుకను వదిలేది కాదు. ఇప్పుడు అదే రసాన్ని సీసాల్లో పోసి మా అపార్ట్‌మెంట్ కింది దుకాణంలో అమ్ముతున్నారు. జనం వరుసకట్టి కొంటున్నారు కూడా.

ఆ తీగ మా పెరటి వెనక పెంటకుప్ప అంచున మొలిచి పక్కనున్న వేపచెట్టు మీదికి పాకింది. పశువుల పేడ, కసువు, పొయ్యిలో బూడిద, అన్నీ అక్కడే పోసేవాళ్లం. నా పేరు కూడా ఆ కుప్పదే. నా పేరు పెంటమ్మ. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకు అలవాటే. మా తరంలో ఈ చుట్టుపక్కల ఊళ్లలో పెంటయ్యలకూ పెంటమ్మలకూ కొదవ లేదు.

అయిదో తరగతిలో ఉండగా మా బడికి కొత్త పంతులుగారు వచ్చారు. మంచి మనిషి. హాజరు పిలిచేటప్పుడు నా పేరు రాగానే పిల్లలు ముక్కులు మూసుకోవడం చూసి ఆయనకు జాలేసింది. స్వరూప అని రాస్తాను, ఇంట్లో అడిగి రమ్మన్నారు. నేను ఆ పేరును దారి పొడుగునా పలుక్కుంటూ ఇంటికి పరిగెత్తాను. అంత అందమైన మాట అంతకుముందు నా నోట్లోకి వచ్చి ఎరగదు.

మా అమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది. నేను చెప్పింది విని ఆమె చేయి ఆగిపోయింది. పెనం మీద రొట్టె మాడి పొగ వస్తున్నా తీయలేదు. “నీ పేరు జోలికి పోకు బిడ్డా” అని మాత్రం అని, లేచి కొట్టంలోకి వెళ్లిపోయింది. ఆమె ముఖంలో ఉన్నది భయమని నాకప్పుడు తట్టలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారి కషాయం ముంతను పక్కకు నెట్టి, పేరు మారిస్తేనే తాగుతానని భీష్మించుకు కూర్చున్నాను.

మా నాయనమ్మ కోప్పడలేదు. మర్నాడు ముంత బదులు, చుట్టాలొస్తే బయటికి తీసే ఇత్తడి గ్లాసు తెచ్చింది. ఇది తిప్పతీగ కాదనీ, పట్నంలో వైద్యులు ఇచ్చే అమృత అనే మందనీ చెప్పింది. అమృత అన్న మాట వినగానే నేను గ్లాసందుకుని ఒక్క గుక్కలో మింగేశాను. చేదు నషాళానికి అంటింది. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

“వైద్యులు దీన్ని గట్లనే పిలుస్తరు బిడ్డా, నేను అబద్ధమాడలే. మనం తిప్పతీగ అంటం. పేరు మారింది, చేదు వోయిందా?”

తర్వాత నన్ను పెరట్లోకి తీసుకెళ్లి ఆ పేర్ల కథ చెప్పింది. తిప్ప అంటే దిబ్బ అట. దిబ్బల మీద, ఎవరూ కాలు పెట్టని చోట మొలుస్తుంది కాబట్టి తిప్పతీగ. చెట్టు చుట్టూ తిప్పుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందనేవాళ్లు కూడా ఉన్నారు. ఏది నిజమో నాకు తెలియదు. నేను మా నాయనమ్మ చెప్పిందే పట్టుకున్నాను. ఇక అమృత అనడానికి కారణం, దేవతల అమృతం చుక్క నేల మీద పడిన చోట ఈ తీగ మొలిచిందట. మొలవడానికి దానికి రాజుగారి తోట దొరకలేదు, దిబ్బే దొరికింది. దిబ్బ పేరు పెట్టారని అది పాకడం మానలేదు.

ఆ కుప్ప పక్కనే నిలబెట్టి నా పేరు కథ కూడా ఆ రోజే చెప్పింది. నాకంటే ముందు మా అమ్మకు ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు. ఇద్దరికీ ముచ్చటపడి దేవుళ్ల పేర్లు పెట్టుకున్నారు. ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. నేను పుట్టగానే నాయనమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి ఈ పెంట మీద ఉంచి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఎవరికీ అక్కర్లేని పిల్ల అనుకుని చావు కూడా పట్టించుకోకుండా పోవాలని. పక్కింటి అత్త నన్ను ఎత్తుకుని మా గడపలోకి వచ్చి, “పెంట మీద పిల్ల దొరికింది, సాదుకుంటవా?” అని మా అమ్మనే అడిగిందట. బాలింత గోడ పట్టుకుని లేచి నిలబడి, సాదుకుంటానని చేతులు చాచిందట.

“ఆ పేరు తీస్తే నువ్వు గూడ పోతవని నిన్ను కన్న అవ్వకు భయం. గంతే” అంది నాయనమ్మ.

నేను బడికి వెళ్లాను. పంతులుగారు కలం పట్టుకుని అడిగారు. లేచి నిలబడి, “నా పేరు పెంటమ్మనే సార్. గదే ఉంచుండ్రి” అన్నాను. పిల్లలు గొల్లున నవ్వారు. ఆయన ఇంకోసారి ఆలోచించుకోమన్నారు. ఆలోచించుకునే వచ్చానని, ఈసారి గోడ అవతలి తరగతికి కూడా వినబడేలా చెప్పాను. ముక్కులు మూసుకున్నవాళ్లు మూసుకునే ఉన్నారు. ఊపిరాడకపోతే వాళ్లే తీస్తారని ఊరుకున్నాను.

సాయంత్రం ఆ సంగతి మా అమ్మకు చెప్పాను. ఆ పూటంతా పని లేకపోయినా ఆమె నన్ను పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. నేను పలికిన ప్రతిసారీ, ఏం లేదు పొమ్మనేది.

ఆ వేపచెట్టు ఇప్పుడు లేదు, కుప్పా లేదు. అక్కడ ఇప్పుడు కార్లు ఆపుకుంటున్నారు. మొన్న మా మనవరాలు హైటెక్ సిటీలో తన ఆఫీసు చూపిస్తానని తీసుకెళ్లింది. లోపలికి పోవాలంటే మెడలో పేరున్న బిళ్ల వేసుకోవాలట. బల్ల దగ్గర కూర్చున్న అబ్బాయి పేరడిగాడు. మనవరాలు నా చెవిలో, ఒట్టి పి. అని చెప్పు నానమ్మా, చాలు అంది. పిల్ల తప్పు లేదు, దానికి కథ తెలియదు. నేను మాత్రం ఆ అబ్బాయికి పూర్తి పేరు చెప్పాను. మళ్లీ అడిగితే విడమరిచి మళ్లీ చెప్పాను. అతను తలొంచుకుని నవ్వు ఆపుకుంటూ కంప్యూటర్లో కొట్టాడు. ఆ బిళ్ల వేసుకుని ఆఫీసంతా తిరిగాను. లిఫ్టులో దాన్ని చదివి నా ముఖం చూసినవాళ్లను నేనూ చూశాను.

ఇంకా అందమైన పేర్లు లోకంలో చాలా ఉన్నాయి, నాకు తెలుసు. వాటిలో రెండింటిని మా అమ్మ మట్టిలో పెట్టి వచ్చింది. మూడోసారి తనకు దక్కినది ఈ పేరుతోనే దక్కింది. నేను బతికున్నంత కాలం ఎవరు అడిగినా గొంతెత్తి ఇదే చెబుతాను.