నవాబు మింగిన డైలాగు

ఆ రోజుల్లో మా బన్సీలాల్‌పేట్ గల్లీలో ఖాళీగా తిరిగేవాళ్లు రెండు రకాలు. ఉద్యోగం దొరకనివాళ్లు, సినిమాల్లో వేషం దొరకనివాళ్లు. నేను మొదటి రకం, నవాబు రెండో రకం. (నవాబు వాడి అసలు పేరు కాదు. అసలు పేరుతో వాణ్ణి పిలిచేది రేషన్ కార్డు ఒక్కటే.) వాళ్లది సూర్యాపేట వైపు నుంచి వచ్చిన దర్జీల కుటుంబం, ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. మేం తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్లం. రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒకటే గోడ. అందుకని మా ఇంట్లో పోపు పెడితే వాళ్లు తుమ్మేవాళ్లు, వాళ్ల ఇంట్లో తిట్లు మొదలైతే మేం టీవీ సౌండ్ తగ్గించేవాళ్లం.

ఆ తిట్లన్నీ నవాబుకే. వాళ్ల నాన్నను, అంటే దర్జీ చాచాను, నేను ఎప్పుడూ నవ్వుతుండగా చూడలేదు. పళ్ల మధ్య సూదో దారమో ఉండేది కాబట్టి నవ్వడం కుదిరేది కాదేమో కూడా. కొడుక్కి యుద్ధం సినిమాలో కాపలా సైనికుడి వేషం, దానితోపాటు ఒక డైలాగు కూడా దొరికిందని తెలిశాక, ఆ దారం తీసి పక్కన పెట్టి మరీ చెప్పాడు. "గీ సినిమాల నీ నోటికెళ్లి ఒక్క మాటన్న ఇనబడాలె. ఇనబడ్తె ఇంకో ఏడాది తిరుగు, నేనేమనను. లేకుంటె సప్పుడు చేయక మిషిన్ ముందట కూసో." నవాబు సంతోషంగా ఒప్పుకున్నాడు. ఒక్క మాట అనడం ఎంతసేపు?

కథేమిటంటే, శత్రువులు మన సైనికుల్ని పట్టుకుని, మన దేశం మీదికే దండెత్తి రావడానికి వాళ్ల చేతే వంతెన కట్టిస్తారు. మౌలాలి గుట్ట వెనక రాళ్ల క్వారీలో సెట్టు వేశారు. నవాబు నన్ను కూడా వెంటబెట్టుకుపోయాడు. ఇద్దరం కాపలావాళ్లుగా చేరుదామని వెళితే, అద్దెకు తెచ్చిన యూనిఫాం కోటు నా పొట్ట దగ్గరికి వచ్చి ఆగిపోయింది. డ్రెస్సుల ఆయన దాన్ని రెండు పక్కల నుంచీ లాగి చూసి, "ఇది నీకు ఎక్కదు గానీ, పో, ఖైదీల్లో నిలబడు" అన్నాడు. అలా నెలల తరబడి తిండి లేక ఎండిపోయిన ఖైదీ వేషం నాకు, తిని బలిసిన కాపలావాడి వేషం కర్రపుల్లలాంటి నవాబుకి దక్కాయి. మేకప్ ఆయన నిట్టూర్చి, బొగ్గుతో నా ఛాతీ మీద పక్కటెముకలు గీశాడు. మధ్యాహ్నానికల్లా చెమటకు అవి కరిగి బొడ్డు దాకా జారేవి.

అసలు చిక్కు అది కాదు. అప్పుడు రంజాన్ నెల, పైగా నడివేసవి. నవాబు రోజా ఉన్నాడు. మందపాటి కోటు, మోకాళ్ల దాకా బూట్లు, చేతిలో దుంగలాంటి చెక్క తుపాకీతో ఆ ఎండలో మంచినీళ్లయినా ముట్టకుండా నిలబడేవాడు. చిరిగిన బనీన్లలో గాలి పోసుకుంటూ, థర్మాకోల్ బండలు మోస్తూ, మాటిమాటికీ మజ్జిగ తాగుతూ, కెమెరా ముందు మాత్రం "నీళ్లు... నీళ్లు..." అని మూలిగేది మేం. డైరెక్టరు గారికి చెప్పరాదా అంటే నవాబు నా మీద లేచాడు. "పాగల్‌గానివారా? చెప్తె 'పండగైనంక రా' అంటరు. డైలాగు ఇంకోనికి ఇస్తరు." ఇక చేసేదేముంది? నేను బండ మోసినప్పుడల్లా దాని నీడ వాడి మీద పడేటట్టు మెల్లగా నడిచేవాణ్ణి. షాట్ల మధ్య తుపాకీ నేను పట్టుకుని, బండ వాడికి ఇచ్చేవాణ్ణి. (ఖైదీ భుజాన తుపాకీ, కాపలావాడి నెత్తిన బండ చూసి మేనేజరు గుండె పట్టుకున్నాడు.) శత్రువుకు సాయం చేయాలని కథలో మమ్మల్ని కొరడాలతో కొట్టేవాళ్లు. నాకు మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇంకో సంగతి. ఉపవాసం ఎవరిదైనా సరే, దాన్ని విడవడానికి వడపప్పును మించింది లేదని మా అమ్మ నమ్మకం. నానిన పెసరపప్పులో కొబ్బరి, మామిడికాయ తురుము వేసి, ఏటా రంజాన్ నెలంతా గోడ మీంచి నవాబుకు అందించేది. అందించే పని చిన్నప్పట్నుంచీ నాదే. షూటింగు రోజుల్లో దాన్ని తడిగుడ్డలో మూటగట్టి ఇచ్చింది. "పొద్దుగూకగానే వాడి చేతిలో పెట్టాలిరా. మర్చిపోయావో, నీకు రాత్రికి అన్నం లేదు" అంది. నేను దాన్ని ఖైదీ మొలతాడుకి కట్టుకున్నాను.

డైలాగు రోజు రానే వచ్చింది. డైరెక్టరు గారికి సాయంత్రపు ఎర్రటి వెలుతురే కావాలట. నేను బండతో సహా కూలబడాలి, నవాబు నా మీదికి తుపాకీ ఎత్తి, "ఆగకండి! పొద్దు గూకేలోగా వంతెన లేవాలి!" అని గర్జించాలి. కూలబడడంలో నాకెవరూ సాటిరారు కాబట్టి నా వంతు చక్కగా అయ్యేది. నవాబు నోరు తెరిస్తే మాత్రం గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. రోజంతా ఎండిన గొంతు. మళ్లీ, మళ్లీ చేయించారు. "ఏవయ్యా, నిన్న బానే చెప్పావుగా! వెలుతురు పోతోంది. ఇదే ఆఖరు. ఈసారి రాకపోతే ఆ పక్కవాడి చేత చెప్పిస్తాను" అన్నారు డైరెక్టరు గారు. నవాబు నావైపు చూశాడు. వాడి కళ్లల్లో నాకు కుట్టుమిషను కనిపించింది.

కెమెరా తిరిగింది. నేను కూలబడ్డాను. వాడు తుపాకీ ఎత్తాడు, నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గుట్ట అవతలి నుంచి అజాన్ వినిపించింది. అంతే, నా చెయ్యి నన్ను అడగలేదు. ఏళ్ల తరబడి గోడ మీంచి చాచిన చెయ్యి కదా, మొలలో మూట విప్పి పిడికెడు వడపప్పు తీసి వాడి ముందు పెట్టింది. వాడు కూడా ఏమీ ఆలోచించలేదు. తుపాకీ దించాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు, పెదాలు కదిలించి ఏదో అనుకుని, నా అరచేతిలోంచి తీసుకుని తిన్నాడు. తింటుంటే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ. బిక్కచచ్చి చూస్తే, డైరెక్టరు గారు కట్ చెప్పడం మర్చిపోయి నిలబడి ఉన్నారు.

ఆ షాటు సినిమాలో అలాగే ఉంచారు. డైలాగు మాత్రం వేరే కాపలావాడికి, వేరే చోట వెళ్లిపోయింది. సినిమా విడుదలైన రోజు చాచా మా ఇద్దరి మధ్యన కూర్చుని చూశాడు. ఆ ఘట్టం వచ్చినప్పుడు ముందు వరసలో ఒకావిడ "అయ్యో తల్లీ" అంది. చాచా కదల్లేదు. బయటికొచ్చాక మాత్రం, "గా కోటు గుండీలు ఎవడు కుట్టిండో, అన్ని వంకర. రేపు పొద్దుగాల దుకాణం తెరువు" అన్నాడు. మాట మాటే. మర్నాడు నవాబు మొహం వేలాడేసుకుని దుకాణం తెరిచాడు. చాచా కూరగాయలకని సంచి పట్టుకుని బోయిన్‌పల్లి మార్కెట్‌కు బయల్దేరి, చీకటి పడ్డాక ఖాళీ సంచితో తిరిగొచ్చాడు. ఇంట్లో చాచీ నిలదీస్తే, "ఇంకోపారి చూసిన. ఏమైతది?" అన్నాడు. గోడకు ఇవతల మేం టీవీ సౌండ్ తగ్గించే ఉన్నాం కాబట్టి విన్నాం.

ఇప్పుడు చాచా లేడు. దుకాణం నవాబుదే, నా చొక్కాలన్నీ వాడే కుడతాడు, టేపు పెట్టేటప్పుడు "ఖైదీ, ఊపిరి బిగవట్టకు" అంటాడు. అమ్మ ఈ రంజాన్‌కూ పప్పు నానబెట్టింది. మొన్న నేను డబ్బా తీసుకెళ్లేసరికి వాడి కూతురు ఫోన్‌లో ఆ సినిమా పెట్టుకుని కూర్చుంది. "అంకుల్, గప్పుడు మీరు ఎంత సన్నగుండె!" అంది. ఆ బొగ్గు ఎముకల్ని ఇన్నేళ్లకు నమ్మినది ఆ పిల్ల ఒక్కతే. ఆ ఘట్టం వచ్చింది. తెర మీద ఎవరూ ఏమీ మాట్లాడటం లేదు. నవాబు రోజా విడిచి, మంచినీళ్లు తాగి, మెడలో టేపుతోనే లేచి నిలబడి గర్జించాడు. "ఆగకండి! పొద్దు గూకేలోగా వంతెన లేవాలి!" గొంతు ఖంగుమంది. పిల్ల చప్పట్లు కొట్టింది. వాడు గోడ మీదున్న చాచా ఫోటో వైపు ఒకసారి చూసి, మళ్లీ డబ్బాలో చెయ్యి పెట్టాడు. నేను మాత్రం, ఎందుకో తెలియదు, పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాను.