మైకులో చెప్పని జవాబు

క్రితం ఏడాది దివిసీమలో, సముద్రాన్ని ఆనుకున్న ఒక మత్స్యకారుల ఊళ్ళో, తుఫాను షెల్టర్‌లో తొలినాటి అణువిద్యుత్ కేంద్రాల గురించి ఉపన్యాసం ఇచ్చాను. బాంబుగా పేలిన శక్తి రష్యాలో, బ్రిటన్‌లో ఇళ్ళకు దీపమైన కథ. మా హేతువాద సభల్లో ప్రశ్నలు చీటీల మీద వస్తాయి. వక్త వాటిని పైకి చదివి జవాబు చెప్పాలి. ఏ ప్రశ్ననూ దాచిపెట్టబోమన్నది మా గొప్ప.

నాలుగో చీటీలో ఇలా ఉంది: "సముద్రం ఒడ్డున కట్టినచోట వాడిన నీళ్ళు ఎక్కడికి పోయేవి? చేపలకేమయ్యేది?"

నాకు జవాబు తెలుసు. బ్రిటన్‌లో తొలి కేంద్రం ఉన్న ఆవరణ నుంచే రేడియోధార్మిక వ్యర్థాలు కలిసిన నీళ్ళను గొట్టాలు వేసి సముద్రంలోకి వదిలారు. కానీ అది చెబితే అప్పటిదాకా కొట్టిన చప్పట్లు ఆగిపోతాయనిపించింది. ఆ చీటీని అడుక్కి నెట్టి, "అణువులో దేవుడున్నాడా?" అన్న చీటీ అందుకున్నాను. దానికి నవ్వించడం సులువు.

వెనక నుంచి ఒకామె లేచింది. బందరు మార్కెట్లో చేపలమ్మే మనిషి.

"నా చీటీ చదవలేదండీ మావయ్యగారూ. నీళ్ళ సంగతి. టీచరమ్మ చేత రాయించి పంపాను."

"దానికి జవాబు ఇందాకే చెప్పేశానమ్మా. గంగమ్మకి పసుపు కుంకాలు వేసేవాళ్ళకి సైన్సు ఎక్కడానికి కాస్త టైం పడుతుందిలే" అన్నాను.

అందరూ నవ్వారు. "కూర్చో వదినా, నీ చేపలకి షాక్ కొట్టదులే!" అన్నాడొకడు. ఆమె కూర్చోలేదు, బయటికి వెళ్ళిపోయింది.

నెల తర్వాత బందరు మార్కెట్లో ఆమెను వెతికి పట్టుకుని అసలు జవాబు చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆమె చేప పొలుసు గీకుతూనే ఉంది.

"ఆరోజు నుంచి మావోళ్ళు నన్ను సైంటిస్టమ్మా అని పిలుస్తన్నారండీ. ఏం మాట్లాడబోయినా అదే ఎగతాళి. ఇప్పుడు నా చెవిలో చెబితే ఏం లాభం? అక్కడికొచ్చి మైకులో చెప్పండి."

"వస్తానమ్మా" అన్నాను.

ఇంతవరకూ వెళ్ళలేదు. ఆ తర్వాత గుడివాడలో బాబాల మోసాల మీద రెండుసార్లు మాట్లాడాను. మొన్న అక్కణ్ణుంచి వస్తూ పామర్రులో దిగితే, ఆమె ఊరివైపు వెళ్ళే అవనిగడ్డ బస్సు సగం ఖాళీగా నా ముందే ఆగింది. కండక్టరు రమ్మని పిలిచాడు కూడా. ఈసారి ఆ జనం నన్ను చూసి నవ్వుతారని భయమేసింది. బస్సు కదిలిపోయేదాకా పక్కకు తిరిగి నిలబడి, ఇంటికి బందరు బస్సెక్కాను.