కంచం వదిలి లేచిన పాప

మా ఆయనకు ఒక జబ్బు ఉంది. దారిన పోయేవాడు పలకరిస్తే చాలు, "రాప్పా, ఇంట్లో అన్నం తిని పోదువు" అంటాడు. కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటులో షిఫ్టు ముగించుకుని ప్రొద్దుటూరులో బస్సు దిగేసరికి ఆయన వెంట ఎవరో ఒకరు ఉండాల్సిందే. మా ఇల్లు బస్టాండుకు దగ్గర. బంగారం కొనడానికి జమ్మలమడుగు నుంచి వచ్చినవాళ్లు, ఆస్పత్రికని పులివెందుల నుంచి వచ్చినవాళ్లు, చర్చి వాళ్లు, ప్లాంటు వాళ్లు, అందరికీ మా ఇల్లే సత్రం. పెళ్లయిన కొత్తలో నేనూ మురిసిపోయాను. మా పుట్టింట్లోనూ వచ్చినవాళ్లను అన్నం తినకుండా పంపేవాళ్లు కాదు. కానీ నేను చెప్పబోయే ఏడు మాత్రం, గడప దగ్గర చెప్పుల చప్పుడైతే చాలు, ఎవరా అని కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని.

ఎందుకంటే, మా నడింట్లో పదకొండు మంది పిల్లలు చదువుకుంటూ ఉండేవాళ్లు. వాళ్లు ఎవరి పిల్లలో బయటివాళ్లకు తెలియకూడదు.

ఎన్నికలు దగ్గరపడుతున్న ఏడు అది. పల్లెల్లో అప్పటికే పార్టీని బట్టి నీళ్ల బావి, టీ అంగడి, మంగలి అన్నీ వేరైపోయాయి. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లూ, ఇంటి మనిషి మీద కేసు పడినవాళ్లూ ఆడవాళ్లనూ పిల్లలనూ తెచ్చి ప్రొద్దుటూరులో అద్దె గదుల్లో పెట్టేవాళ్లు. పిల్లలను బడికి పంపడానికి లేదు. బడిలో రిజిస్టరు ఉంటుంది, అందులో తండ్రి పేరు, ఊరు రాస్తారు, పొద్దున్నే పేరు పెట్టి గట్టిగా పిలుస్తారు. గేటు దగ్గర ఎవరైనా నిలబడి చూడొచ్చు. పెళ్లికి ముందు నేను జమ్మలమడుగులో మిషన్ బడిలో పాఠాలు చెప్పానని తెలిసి, ఒక తల్లి ఇద్దరు పిల్లలను తెచ్చి మా ఇంట్లో కూర్చోబెట్టింది. వానాకాలానికి పదకొండు మందయ్యారు.

ఒక్కదాన్నే అయితే నా వల్ల అయ్యేది కాదు. ఎదురింటి ఆపా, భర్త కువైట్‌లో ఉంటాడు, మిషను కుట్టుకుంటూ ఇల్లు నడిపేది. లెక్కలు ఆమె చెప్పేది. కొలతల టేపు పిల్లల చేతికిచ్చి కిటికీలు, తలుపులు, ఒకరి నడుము ఒకరిచేత కొలిపించేది. తల్లులు వంతులేసుకుని వండేవాళ్లు. రిజిస్టరు లేదు, గంట లేదు. మూడే కట్టుబాట్లు పెట్టాను. చెప్పులు బయట విడవకూడదు, లోపలికి తెచ్చుకోవాలి. పక్కవాడికి కూడా ఊరి పేరు చెప్పకూడదు. ఎవరైనా అడిగితే "టీచరమ్మ చుట్టాలం" అనాలి. రెండు పార్టీల పిల్లలూ ఆ ఒక్క చాప మీదే కూర్చునేవాళ్లు. ఎవరు ఎవరో నాకూ ఆపాకూ తప్ప తెలియదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. మంచివాడే గానీ, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

అందరూ సాయంత్రానికి తల్లుల దగ్గరికి పోయేవాళ్లు. ఒక్క పాప మాత్రం మా ఇంట్లోనే ఉండేది. ఎనిమిదేళ్లది. తల్లి లేదు. జమ్మలమడుగు దగ్గర వాళ్ల పక్క పల్లెలో ఒక హత్య జరిగితే, చేసింది ఈ పాప నాన్నే అని అవతలి పార్టీ వాళ్లు వెతుకుతున్నారు. ఆయన ఎక్కడున్నాడో పాప అవ్వకు ఒక్కదానికే తెలుసు. ఆదివారం చర్చికి వచ్చే జనంలో కలిసి అవ్వ మా ఇంటికి వచ్చేది, మనవరాలికి జడ వేసి, అట్నుంచి అటే కొడుక్కు సద్ది తీసుకుపోయేది. పాప ఇక్కడుందని అవతలివాళ్లకు తెలిస్తే అవ్వ వెంట పడతారు. అవ్వ వెంట పడితే కొడుకు దొరుకుతాడు. దొరికితే ఏమవుతుందో మా వైపు ఎవరికీ విడమరిచి చెప్పనక్కర లేదు.

ఆ పాప ఎంత చురుకో! నెల తిరగకుండా గుణింతాలు వచ్చేశాయి. పలక తుడిచే ముందు ఒకసారి ఆగి, "టీచరమ్మా, చెరిపేస్తే వచ్చిండేది గూడా పోతాదా?" అని అడిగేది. "పోదులేమే, తలకాయలో ఉంటాది" అంటే అప్పుడు తుడిచేది. అడిగినవాళ్లకు చక్రాయపేటలో ఉండే మా అక్క కూతురని చెప్పేదాన్ని. పాపతో కూడా అట్లే చెప్పించాను. నిద్రలో లేపి అడిగినా తడబడకుండా చెప్పేది.

ఒక రోజు మధ్యాహ్నం పదకొండు మందీ చాప మీద వరుసగా కూర్చుని తింటున్నారు. బయట మా ఆయన గొంతు వినిపించింది.

"రా మామా, రా. మొహమాటం ఏంది? సరిగ్గా అన్నం టయానికే వచ్చినావు."

తలెత్తి చూశాను. వచ్చినవాడు నాకు తెలుసు. జమ్మలమడుగులో మా నాన్న దగ్గర చదువుకున్నాడు. చిన్నప్పుడు కులం చూడకుండా మా ఇంట్లో అన్నం తిన్నాడని వాళ్లింట్లో దెబ్బలు తిన్నవాడు. హత్య అయింది అతని అన్నే. అన్న పోయాక ఆ ఊర్లో పార్టీని ఇప్పుడు అతనే నడుపుతున్నాడు. సందు మొగదల జీపు దగ్గర ఇద్దరు మనుషులను నిలబెట్టి వచ్చాడు.

అయినా అలవాటైన నోరు కదా, "రాప్పా, బాగుండావా?" అనేసింది.

"బాగుండా అక్కా. ఆడోల్లను ఆస్పత్రిలో చూపిద్దామని వస్తే మీ ఆయన ఇడిస్తేనా! నాకు యేరేగా ఏమీ వద్దు. ఈల్లతోనే తింటా. పిల్లోల్లతో కూర్చోని తిని శానా దినాలయింది."

చాప చివర కూర్చున్నాడు. సరిగ్గా ఆ పాపకు ఎదురుగా. నేను కంచం తెచ్చి వడ్డించాను.

"ఈల్లంతా ఎవురక్కా?"

"చుట్టాల పిల్లోల్లప్పా. ఈ పాప మా అక్క కూతురు, చక్రాయపేట."

పదకొండు మందిలో ఆ ఒక్క పాపనే ఎందుకు చూపించానో! నా బుద్ధి గడ్డి తినింది, అంతే.

అప్పటికైనా గండం గట్టెక్కేదేమో. మా ఆయన ఊరుకుంటే కదా. "అయితే మామా, మీ ఊర్లో వానలు పన్యాయా?" అంటూ హత్య జరిగిన ఆ ఊరి పేరు పలికేశాడు.

పాప చెయ్యి ఆగిపోయింది. నోటి దాకా వచ్చిన ముద్దను కంచంలో పెట్టేసింది. కంచాన్ని ముందుకు తోసి, లేచి, గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏందిమే? కూర్చోని తిను" అన్నాను.

"నాకొద్దు."

"ఆకలైతాందని ఇంతకు ముందే గదా అన్న్యావు?"

"ఆ ఊరోల్లతో కూర్చోని నేను తినను. మా అవ్వ తినగూడదనింది."

దేవా! పగ ఉన్న ఇళ్లల్లో ఇది కట్టుబాటు. అవతలి ఇంటి మనిషి ఉన్న చోట ముద్ద ముట్టరు, మంచినీళ్లు కూడా తాగరు. ఊరి పేరు దాచమని నేర్పాను, తండ్రి పేరు మింగేయమని నేర్పాను. అవ్వ నేర్పిన ఈ ఒక్కటీ ఉందని నాకు తట్టనే లేదు.

అతను పాప వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అక్కా, పాప మీ అక్క కూతురు గాదులే."

నేను పాపకు అడ్డంగా నిలబడ్డాను.

"మా ఇండ్లల్లో గూడా పిల్లోల్లకు మొదాట నేర్పేది ఇదే" అని కంచం చేతిలోకి తీసుకుని లేచాడు. "పాపను తిననీ. నేను అరుగు మింద కూర్చోని తింటా."

నిజంగానే బయటికి పోయి అరుగు మీద కూర్చుని తిన్నాడు. మా ఆయన ఏమీ అర్థం కాక నీళ్ల చెంబు పట్టుకుని వెనకాలే పోయాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. చెయ్యి కడుక్కుని, "పోయొస్తా అక్కా" అని కేకేసి, జీపు దగ్గరికి పోయి ఆ ఇద్దరితో ఏదో అన్నాడు. వాళ్లలో ఒకడు తిరిగి మా ఇంటి వైపు చూశాడు. నాకు అది చాలు.

పాప ఆ తర్వాత కూడా తినలేదు. కోపం పట్టలేక వీపు మీద ఒక్కటి ఇచ్చాను. ఆ దెబ్బ పాపకు తగలాల్సింది కాదు.

సాయంత్రం మా ఆయనకు విషయం చెప్పక తప్పలేదు. "ఈ మాట నాకు ముందే చెప్పింటే ఆయప్పను పిల్చకొచ్చేటోన్నా?" అని మండిపడ్డాడు. తర్వాత నిదానించి, "తినే కంచం ఎత్తుకోని బయటికి పోయినోడు చెడుపు చేస్తాడా? గమ్మునుండు, ఏం గాదు" అన్నాడు. ఆపా కూడా "రెండు దినాలు చూడు, తొందరపడొద్దు" అనింది. ఇద్దరి మాటా నా చెవికెక్కలేదు. ఇంట్లో పదకొండు మంది పిల్లలు, ఎవరికేమైనా అయితే ఆ తల్లులకు ఏం చెప్పాలి? ప్రార్థనకు కూర్చుంటే చెవులు సందులోనే ఉన్నాయి. ఏ జీపు చప్పుడైనా ఆ జీపే అనిపించింది.

ఖాజీపేటలో అవ్వ తమ్ముడి ఇల్లు ఉంది. తెల్లవారగానే పాపను ఆపా వెంట మొదటి బస్సుకు సిద్ధం చేశాను. జడ వేస్తుంటే పాప నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"నేను తింటాలే టీచరమ్మా. ఆయప్ప మళ్లా వచ్చినా తింటా. నన్ను పంపిచ్చొద్దు."

పంపించాను. ఆపా తన బురఖా చెంగు కప్పి సందు దాటించింది.

మూడో రోజు పొద్దున అతను మళ్లీ వచ్చాడు. ఈసారి జీపు లేదు, మనుషులు లేరు. చెయ్యి పట్టుకుని ఒక ఆడపిల్ల. ఏడేళ్లుంటాయి. కొత్త పలక, కొత్త సంచి.

"నా కూతురక్కా. ఈడనే పెట్టుకోని చదువు చెప్పు" అన్నాడు. "నా కూతురు నీ ఇంట్లో ఉందంటే మావోల్లెవురూ నీ గడప తొక్కరు. ఆ పాపకు ఏ భయమూ ఉండదు. మా అన్నకు జరిగిండేదానికి దాని నాయన జవాబు చెప్పల్ల గానీ, అదెందుకు చెప్పల్ల?" లోపలికి తొంగి చూశాడు. "యాడ పాప?"

నేలలో దిగబడిపోయినా బాగుండేది. "ఊరికి పోయిందప్పా" అన్నాను.

"ఏ ఊరికి?"

"చక్రాయపేటకు."

అతను నా మొహం వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. చదువు చెప్పిన సారు కూతురు కూడా తనను నమ్మలేదని అతనికి అర్థమైంది. కూతురి తల నిమిరి, నా దగ్గర వదిలి వెళ్లిపోయాడు.

ఖాజీపేటకు రెండుసార్లు కబురు పంపాను. రెండోసారి అవ్వే వచ్చింది. "రాదంటాందమ్మా. టీచరమ్మ నన్ను పంపిచ్చేసింది గదా అంటాది. నేనేం చెప్పల్ల?" అనింది. ఆ ఏడే పాప నాన్న తనంతట తాను కోర్టుకు పోయి లొంగిపోయాడు. పాప మాత్రం బడి మొహం చూడలేదు. శెనక్కాయ చేలల్లో కూలికి పోతోందని విన్నాను.

కానీ ఇన్నేళ్లయినా నన్ను వదలనిది, అతను కూతురిని అప్పగించి పోయిన రోజు మధ్యాహ్నం. పిల్లలందరూ వరుసగా కూర్చున్నారు. కొత్త పిల్లను ఖాళీగా ఉన్న చోట కూర్చోబెట్టి అన్నం పెట్టాను. ఆ పిల్ల కంచం ముట్టలేదు. అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"టీచరమ్మా, ఈడ మాకు కానోల్ల పిల్లోల్లు ఎవురన్నా ఉండారా? ఉంటే నేను తినగూడదంట."

"ఎవురూ లేరు, తినమ్మా" అన్నాను.

ఆ పిల్ల నమ్మి తినడం మొదలుపెట్టింది.