ఒకే ఫోను, నాలుగు జెండాలు

ఆదోని పత్తి మార్కెట్ యార్డు వెనక సందులో బడే సాబ్ పరుపుల అంగడి. దూది ఏకడం, పరుపులు కుట్టడం తాతల నాటి పని. ముక్కుకు గుడ్డ కట్టుకొని దూది కొడుతుంటే అంగడంతా పొగ లేచినట్టుండేది. ఆ పొగ మధ్యలో, గోడకు కొట్టిన పలక మీద, తెల్ల దిండు గలీబు తొడుక్కొని ఒక నల్ల టెలిఫోను కూర్చునేది. గలీబు బడే సాబే కుట్టాడు. దూది దూరి దాని గొంతు పూడిపోతుందని ఆయన భయం.

ఫోను ఆయనది కాదు. పత్తి దలాలీ చేసే పాండురంగయ్య శెట్టిది. శెట్టి ఇల్లు ఊరికి అవతల, ఫోనేమో యార్డు పక్కన కావాలి. బడే సాబ్ అంగడిలో ఒక బెంచీ ఖాళీగా ఉంది. కనెక్షన్ అక్కడికి వచ్చింది. డైరెక్టరీలో పేరు శెట్టిది, ఎత్తి హలో అనే పని సాబ్‌ది.

ఎనభైల మొదట్లో ఫోను కోసం దరఖాస్తు పెట్టుకున్నవాడికి అది వచ్చేసరికి తల నెరిసేది. అందుకని ఉన్న ఒక్క ఫోను చుట్టూ జనం చేరారు. హొళగుంద వైపు లారీ తిప్పే ఉచ్చీరప్ప, ఇళ్ళకు వెళ్ళి కాన్పులు చేసే నర్సు మేరి, సందు చివర కుట్టుమిషన్ పెట్టుకున్న అమృతవల్లి. ముగ్గురూ తమ కాగితాల మీద అదే నంబరు వేసి పక్కన పీ.పీ. అని, అంటే మనిషిని పిలిచి ఇచ్చే ఫోనని, రాసుకున్నారు. ఎవరి కోసం ఫోను వచ్చినా బడే సాబ్ ముందు అడిగే మాట ఒకటే: "ఎవురు గావాల?"

దీన్ని సేవ అనీ సామరస్యం అనీ ఉపన్యాసాలు చెప్పేవాళ్ళున్నారు. అంత లేదు. నలుగురికి తాను లేకపోతే గడవదన్న సంగతి బడే సాబ్‌కు ఇష్టంగా ఉండేది. అంతే.

పిలుపు వచ్చినప్పుడల్లా సందులోకి పరుగెత్తలేక ఆయన ఒక ఉపాయం చేశాడు. అంగడి మిద్దె మీద వెదురు గడ నాటి, తాడు కట్టి, నాలుగు రంగుల జెండాలు పెట్టాడు. శెట్టికి ఎరుపు, లారీకి పచ్చ, మేరికి తెలుపు, అమృతవల్లికి పసుపు. పరుపు గుడ్డల ముక్కలతో వాటిని కుట్టిపెట్టింది అమృతవల్లే. జెండా ఎగిరితే ఆ మనిషి రావాలి, మాట్లాడాలి, పోతూ తన జెండా తానే దించుకోవాలి. అది కట్టడి.

ఉపాయం ఎంత బాగా కుదిరిందంటే, కొన్నాళ్ళకు సందులో పేర్లు మాయమయ్యాయి. "పచ్చజెండాకు లోడు దొరికిందంటనా?" అనేవాళ్ళు. "తెల్లజెండా కాన్పుకు పోయింది" అనేవాళ్ళు. అమృతవల్లి పసుపుజెండా పాప అయింది. ఏ పేరుకు ఏ రంగో తెలిసిన మనిషి ఒక్క బడే సాబే.

అమృతవల్లి కుట్టుపనిలో ప్రభుత్వ పరీక్ష ప్యాసైంది. కర్నూలులో ఆడపిల్లల హాస్టలుకు కుట్టు టీచరు కావాలి. ఆ హాస్టళ్ళ ఆఫీసులో గుమస్తాగా ఉన్న ఆమె చిన్నాయన కబురు చేశాడు: ఆఫీసరు దొర శనివారం బదిలీ మీద పోతున్నాడు, శుక్రవారం సాయంత్రం సంతకాలు, ఫైలు పైకి వస్తుందో లేదో తెలియదు, రాగానే ఫోను చేస్తాను, సర్టిఫికెట్లతో వచ్చి ఎదుట నిలబడాలి, లేకపోతే జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది.

శుక్రవారం పొద్దున్నే ఆమె తలంటుకొని, ఉతికిన చీర కట్టి, సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకొని మిషన్ ముందు కూర్చుంది. దలాలులతో నిండిన అంగడిలో కూర్చునే వీలు లేదు గదా. కిటికీలోంచి గడ కనబడుతుంది. అది చాలు.

మధ్యాహ్నం జుమ్మా నమాజు. మామూలుగా బడే సాబ్ అంగడి మూసిపోయేవాడు. ఆ రోజు శెట్టికి బొంబాయి నుంచి ట్రంకాల్ రావాలి. బెంచీ మీద నుంచి లేవనన్నాడు.

"నువ్వు పోయి రాప్పా. నేనుండానుగా."

"సెట్టీ, కర్నూలు నుంచి పసుపుజెండాకు ఫోనొస్తాది. రాంగనే జెండా ఎత్తల్ల. మరిసిపోవాకు."

"పసుపుజెండా. సరే పో. నీ దేవుడు నీకోసం కాసుకోనుంటాడు."

నమాజు చేసినంతసేపూ బడే సాబ్ మనసు గడ మీదే ఉంది. మసీదు మెట్లు దిగుతూనే మిద్దెల వైపు చూశాడు. గడ బోడిగా ఉంది. ఇంకా రాలేదన్నమాట. నెమ్మదిగా నడిచాడు.

"ఫోనొచ్చినాదా సెట్టీ?"

"బొంబాయి రాల్యా. రాంగ్ నంబరు ఒగటొచ్చింది. ఎవురో అమృతవల్లి అంట. అట్లాంటోళ్ళు ఈడ ఎవురూ లేరమ్మా అని పెట్టేసినా."

పీ.పీ. కాల్ అంటే ఆపరేటరు ముందు ఆ మనిషి ఉన్నారా అని అడుగుతుంది. లేరంటే అక్కడికక్కడే కాల్ రద్దు చేస్తుంది.

"ఆ పాపే గదా సెట్టీ పసుపుజెండా!"

"ఆ యమ్మ పసుపుజెండా అనలేదే!" అన్నాడు శెట్టి. అన్న మాట తనకే వినబడి, ఒక్క క్షణం కండువా సర్దుకున్నాడు. "ఆ పాపకు పేరుండాదని నాకెవురు సెప్పినారప్పా?"

బడే సాబ్ మిద్దెక్కి పసుపుజెండా ఎత్తాడు. అది పూర్తిగా విచ్చుకోకముందే అమృతవల్లి సందులో పరుగెత్తుకొస్తోంది, చేతిలో సంచి, ముఖమంతా నవ్వు.

"వచ్చినాదా మామా?"

"వచ్చినాది పాపా." బడే సాబ్ మెట్లు దిగాడు. "పోయినాది."

కర్నూలుకు మధ్యాహ్నం బస్సు అప్పటికే పోయింది. మళ్ళీ మూడింటికే. అది ఎమ్మిగనూరులో ఆగి, చేరేసరికి పొద్దు కుంకుతుంది. ఇక మిగిలిన దారి ఒక్కటే: ఆఫీసుకు ఫోను చేసి, చిన్నాయనతో చెప్పి దొరను కాస్త ఆపమనాలి. బడే సాబ్ చెయ్యి ఫోను మీదికి పోయింది.

"సాబూ, ముట్టుకోవాకు. బొంబాయి ఇప్పుడో ఇంగొంచేపటికో వస్తాది. లైను కాళీ లేదంటే వాడు గుంటూరోనితో బేరం సేసుకుంటాడు."

"ఒగ్గ కాల్ సెట్టీ. పాప బతుకుది."

"నాదేమి, సావుదా?"

చెయ్యి అక్కడే ఆగింది. ఫోను ఉన్నది తన గోడకు. గలీబు తాను కుట్టినది. పేరు మాత్రం తనది కాదు. గట్టిగా అంటే రేపు శెట్టి ఫోను ఊడదీసి ఇంకో అంగడికి పట్టుకుపోతాడు. అప్పుడు ఉచ్చీరప్ప లారీ, మేరి కాన్పులు ఏమవుతాయి? ఇవన్నీ బడే సాబ్ ఆలోచించాడు. ఆలోచించినంతసేపూ చెయ్యి గాలిలోనే ఉంది.

ఫోను మోగింది. బొంబాయి. శెట్టి లేచి నిలబడి, ఒక చెవి మూసుకొని అరవడం మొదలుపెట్టాడు. దూది పింజ పొడవు, తేమ, లారీలు, మళ్ళీ పింజ పొడవు. అమృతవల్లి గడప దగ్గర నిలబడి వింది. శెట్టి ఫోను పెట్టేసి ముఖం తుడుచుకొని, "ఇప్పుడు సేసుకోప్పా, నేనేమన్నా వద్దంటినా!" అన్నాడు.

బడే సాబ్ కర్నూలుకు కాల్ బుక్ చేశాడు. లైన్లు బిజీ, వరసలో ఉంచుతామంది ఆపరేటరు. అమృతవల్లి కాసేపు చూసింది. "బస్సుకు పోతా మామా. నువ్వు మాట్లాడు," అని అటు నుంచి అటే బస్టాండుకు వెళ్ళిపోయింది.

కాల్ కలిసేసరికి యార్డులో బండ్లు కూడా వెళ్ళిపోయాయి. ఆ చివర ఫోను చాలాసేపు మోగింది. ఎవరూ ఎత్తలేదు.

శనివారం సాయంత్రం అమృతవల్లి తిరిగొచ్చిందని మేరి చెప్పింది. ఉద్యోగం కోడుమూరు అమ్మాయికి పోయింది. సంతకాల వేళకు ఆ అమ్మాయి దొర ఎదురుగా నిలబడి ఉందట. బడే సాబ్ సందు చివరి దాకా పోయి, మిషన్ చప్పుడు విని, వెనక్కి వచ్చాడు.

పసుపుజెండా దిగలేదు. దించాల్సింది ఎవరి జెండా వాళ్ళు. ఉచ్చీరప్ప వచ్చి, "ఏమన్నా, పసుపుజెండా ఇంగా ఎగరతాండాది, పాప చూసుకోలేదేమి?" అన్నాడు. బడే సాబ్ అతన్ని కూర్చోబెట్టి, "నీ అసలు పేరేందప్పా, బడిలో రాసింది?" అని అడిగాడు.

"హనుమంతప్ప. ఎందుకన్నా?"

ఇన్నేళ్ళూ ఆ పేరుతో ఎన్ని కాల్స్ వచ్చి పోయాయో బడే సాబ్‌కు తెలియదు.

సోమవారం అమృతవల్లి వచ్చింది. పలకరించకుండా మిద్దెక్కింది. తాడు లాగి జెండా దించి, గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది.

"గలీబుల అతుకులకు పనికొస్తాది మామా. తీస్కపోతా."

"పాపా..." అన్నాడు బడే సాబ్. అప్పుడే ఫోను మోగింది. మోగుతూనే ఉంది. ఆమె మెట్లు దిగి గడప దాటుతుంటే, ఆయన ఆమె వీపు వైపే చూస్తూ ఫోను ఎత్తాడు.

"ఎవురు గావాల?"

శెట్టి కోసం. బొంబాయి.