పారబోయమన్న నీళ్లు

నాకు కోపం ఎక్కువ. ల్యాబులో అది ముఖ్యంగా ఫ్రీజర్ దగ్గర బయటపడేది. అంబర్‌పేట నుంచి డొక్కు స్కూటర్ మీద వచ్చే మా సీనియర్ అన్న ఏదీ పారేయడు. తార్నాకలో ఇడ్లీ కట్టించుకుంటే మిగిలిన చట్నీ పొట్లం కూడా దాచేవాడు. ఫ్రీజర్లో సగం ఆయన డబ్బాలే. ఒక గురువారం చోటు లేక ఒక డబ్బా తీసి చెత్తలో వేయబోతే, గొడవపడి మరీ లాక్కున్నాడు.

నా పరిశోధన లేత ఎర్ర రక్తకణాల మీద. అవి రెండు మూడు రోజుల్లో ముదురుతాయి. ఆ ముదిరేటప్పుడు పైపొరలో అక్కర్లేని ప్రొటీన్లు కొన్నింటిని బుడగలుగా కట్టి బయటికి వదిలేస్తాయి, కొన్నింటిని లోపలే అరిగించుకుంటాయి. నేను ఎంచుకున్న ప్రొటీన్ ఏ దారిన పోతుందన్నదే ప్రశ్న. లోపలే అరుగుతుందని నా మొండి వాదన. రెండేళ్లు కణం లోపలంతా గాలించినా ఆనవాలు దొరకలేదు. సోమవారం కమిటీ ముందు జవాబు చెప్పలేకపోతే థీసిస్‌లో ఆ అధ్యాయం ఎగిరిపోతుంది.

డబ్బా గొడవ జరిగిన మర్నాడు, శుక్రవారం, మా గైడ్ మేడమ్ నా ఫలితాలు చూసి, “కణాలు పెంచిన ద్రవంలో వెతికావా?” అని అడిగారు.

వెతకడానికి నా దగ్గర ఆ ద్రవమే లేదు. కణాలను యంత్రంలో తిప్పి అడుగున దిగినవి ఉంచుకోవడం, పైన తేరిన నీళ్లు పారబోయడం మాకు మొదటి రోజు నుంచీ అలవాటు. నేనైతే ఆ పని కూడా చేయక, ట్యూబులు అన్న చేతిలో పెట్టి పారబోయమనేదాన్ని. లేత కణాలు అంత ఎక్కువగా ఉన్న రక్తం ఆసుపత్రి నుంచి మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను.

“ఏంది చెల్లె, ఏమైంది?” అన్నాడు అన్న. చెప్పాను.

లోపలికెళ్లి ఒక డబ్బా తెచ్చాడు. ముందు రోజు నేను పారేయబోయిందే. ప్రతి ట్యూబు మీదా ఆయన గుండ్రటి చేతిరాతతో నా ప్రయోగం తేదీ ఉంది.

“నువ్వు పారబొయ్యమన్నయన్నీ గిండ్లనే ఉన్నయ్. పారబొయ్యనీకి మనసొప్పలే.”

శనివారం, ఆదివారం ఇద్దరం కూర్చుని ఆ నీళ్లను, బుడగలు కూడా అడుగుకు దిగేలా, యంత్రంలో ఇంకా వేగంగా తిప్పాం. నా ప్రొటీన్ బుడగల్లోనే ఉంది, ప్రొటీన్‌ను పట్టిచూపే ఫిల్మ్ మీద నల్లటి గీతగా. నా రెండేళ్ల వాదన తప్పు. అంత సంతోషంగా ఎప్పుడూ ఓడిపోలేదు.

“ఏం కావాలో అడుగన్నా,” అన్నాను.

“ఫ్రీజర్ల పై అర ఇడిశిపెట్టు, చాలు.”

సోమవారం కమిటీకి వెళ్లే ముందే నా ట్యూబులన్నీ కింది అరలోకి దించేశాను.