తూములో వినిపించిన మాట

గాజువాకలో మాది నాలుగో అంతస్తు. బాత్రూములో నీళ్ళు పోయే గొట్టం పై ఇంటికీ కింది ఇంటికీ కలిపి ఒకటే. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక కిందింటావిడ ఫోనులో తన ఆడపడుచుని తిట్టుకునే తిట్లన్నీ మా తూములోంచి వినిపిస్తాయి. మొదట్లో చెవులు మూసుకునేదాన్ని, తర్వాత అలవాటై, ఒకరోజు వినపడకపోతే ఆవిడకి ఒంట్లో బాగుందో లేదోనని దిగులుపడేదాన్ని. మొన్న మాత్రం జాకెట్టు జాడిస్తూ ఉంటే ఆ తూములోంచి ఓ మగగొంతు, "ఇంటన్నావా, నా మాట ఇంటన్నావా?" అంది. ఆవిడ కొడుకు సెలవుకి వచ్చినట్టున్నాడు, ఎవరితోనో మాట్లాడుతున్నాడు, అంతే. కానీ నా చేతిలో జాకెట్టు జారిపోయింది. డెబ్బై దాటినదాన్ని, గోడ పట్టుకుని మంచం దాకా వచ్చి, చెంబుడు నీళ్ళు తాగితే గాని గుండె కుదుటపడలేదు. "ఏటైందత్తా?" అని కోడలు అడిగితే నీరసం అన్నాను. యాభై ఏళ్ళ కిందటి ఇంకో తూము సంగతి ఆ పిల్లకి ఎక్కడ మొదలెట్టి చెప్పను?

నా పెళ్ళి డెబ్బై మూడులో అయింది. మా ఆయన పోర్టులో క్రేను నడిపేవారు. గోపాలపట్నంలో రైలుకట్టకి ఇవతల రెండు వాటాల పెంకుటింట్లో ఒక వాటా మాది. రెండోదాంట్లో ఇల్లుగలాయన పాత సామాను పడేసి తాళం పెట్టుకున్నాడు. నేను కాపురానికి వెళ్ళేసరికే ఆ ఇంట్లో మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, ఉండేవారు. ఆయన మిలిటరీలో పనిచేశారు. డెబ్బై ఒకటి యుద్ధం చివరి రోజుల్లో పడమటి సరిహద్దులో పట్టుబడి, ఏడాదిపాటు శత్రువుల జైల్లో ఉండి, ఖైదీలను విడిచిపెట్టినప్పుడు తిరిగొచ్చారు. ఆరోగ్యం బాగులేదని పైవాళ్ళు ఇంటికి పంపేశారు. పెళ్ళిచూపులనాడు మా నాన్న మర్యాదకి, "తమరేటి చేస్తుంటారు బాబూ?" అని ఆయన్ని అడిగాడు. బావగారు లేచి నిటారుగా నిలబడి తన నంబరు, ర్యాంకు, పేరు, పుట్టిన తేదీ చెప్పి మళ్ళీ కూర్చున్నారు. "పద్ధతైన మనిషి, పద్ధతైన కుటుంబం" అని మా నాన్న మురిసిపోయి ఆ సాయంత్రమే సంబంధం ఖాయం చేసేశాడు.

ఆ పద్ధతి ఎంత దూరం పోతుందో కాపురానికి వెళ్ళాక తెలిసింది. రేషను షాపులో ఇంట్లో ఎంతమందని అడిగినా ఆ నాలుగు ముక్కలే. పోస్టుమేన్ రిజిస్టరు ఉత్తరం తెస్తే సంతకం పెట్టేవారు కారు. పింఛను కాగితాలు కూడా సంతకం లేక బీరువాలో మగ్గుతూ ఉండేవి. ఎదురింటివాళ్ళు అరిసెలు పంపితే తాకరు. ఇంట్లో పనసపండు కోస్తే మాత్రం తొనలు లెక్కపెట్టి ముగ్గురికీ సమంగా పంచి, తన వాటా చివర తీసుకునేవారు. ఊళ్ళోవాళ్ళు పిచ్చి అనేవాళ్ళు. నాకలా అనిపించేది కాదు. ఓనాడు బీరకాయలు తరుగుతూ ధైర్యం చేసి అడిగాను, అక్కడ ఎలా ఉండేవారని. ఆయన ఎదురుగా కూర్చుని ఒక బీరకాయ చేతిలోకి తీసుకున్నారు.

"పట్టుబడ్డోడికీ డ్యూటీ ఉంటాదమ్మా. తుపాకీ లాక్కున్నారు గాని డ్యూటీ లాక్కోనేరు కదా. నాలుగు ముక్కలే సెప్పాల. ఐదోది అడిగితే తెలీదనాల. మనోల్లలో పెద్దోడెవుడో ఆడి మాట ఇనాల. ఉన్న రొట్టి పంచుకోవాల. ఆళ్ళిచ్చిన సిగరెట్టు ముట్టకూడదు, ఆళ్ళెట్టిన కాగితం మీద సంతకం సెయ్యకూడదు. సచ్చినా పక్కోణ్ని పట్టియ్యకూడదు."

"మరి కొడితేనో బావగారూ?"

"కొట్టకూడదని ఆళ్ళకీ రూలుంది" అని నవ్వారు. ఆ నవ్వు చూసి, ఇంకేం అడగకుండా బీరకాయలు తరుక్కున్నాను. లేచి వెళ్ళబోతూ ఆగి అన్నారు, "అన్నిటికన్నా ముక్యం, మన బాస మాటాడీవోణ్ని ముందుగా నమ్మకూడదు."

మా స్నానాలగది పెరట్లో, తాళం వేసిన వాటా గోడకి ఆనుకుని ఉండేది. గోడ అడుగున జానెడు తూము. మా ఆయన పగటి డ్యూటీకి వెళ్ళిన రోజుల్లో, రెండింటి వేళ నేను నడుం వాల్చితే, బావగారు ఆ గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసుకునేవారు. నీళ్ళ చప్పుడు ఉండేది కాదు. ఒకనాడు బట్టలు తియ్యడానికి పెరట్లోకి వెళ్ళి, సగం తెరిచి ఉన్న తలుపు సందులోంచి చూశాను. ఆయన మోకాళ్ళ మీద వంగి, చెంప నేలకి ఆన్చి, తూములోకి మాట్లాడుతున్నారు. "నాది సింహాచలం అవతల పల్లె బావా... ఇద్దరం అన్నదమ్ములం... తమ్ముడు పోర్టులో సేత్తన్నాడు... నేదు, నాకింకా పెళ్ళి కానేదు." మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నారు. ఆ ఆగడంలో, అవతల ఎవరో అడుగుతుంటే వింటున్న మనిషిలాగే తల ఊపుతున్నారు. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తి మీద మాడుతోంది. నాకు మాత్రం చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మా ఆయనకి చెప్తే, "ఆడికి ఎవుడితోనూ మాట నేదు కదా, తూముతోనైనా మాటాడనీ" అన్నారు. చాలా మంచి మనిషి, కాని దేనికీ ఆశ్చర్యపడరు.

తర్వాత జరిగింది నా కల్పన అని ఎవరన్నా నేను కాదనను. ఒకరోజు బావగారు మందుల కోసం మిలిటరీ ఆసుపత్రికి వెళ్ళారు. మా ఆయన పోర్టులో ఉన్నారు. నేను ఆ గదిలో దుప్పటి ఉతుకుతున్నాను. నీళ్ళన్నీ తూములోంచి జారిపోయి, చివరి బొట్టు గుటుక్కుమన్నాక, నిశ్శబ్దంలో ఒక మాట వచ్చింది. "బావా." అంతే. అరుపు కాదు, పక్కనే కూర్చుని మెల్లగా పిలిచినట్టుంది. మా వేపు ముక్కూ మొహం తెలియని మగవాళ్ళు కూడా ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు, అందులో వింత లేదు. కానీ అవతల వాటా తాళం వేసి ఉంది. తడిబట్టలతోనే వీధిలోకి పరిగెత్తి వెళ్ళి చూశాను. తుప్పు పట్టిన తాళం, దాని మీద సాలెగూడు, చెక్కుచెదరకుండా ఉన్నాయి. బావగారు వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను.

"తూములోంచి ఎవరో పిలిచారు బావగారూ" అన్నాను.

ఆయన చేతిసంచీ కింద పడింది. "ఏటన్నాడు?"

"బావా అన్నాడు."

ఆయన వచ్చి నా ఎదురుగా నేల మీద చతికిలబడ్డారు. రెండేళ్ళుగా తమ్ముడికి కూడా చెప్పని సంగతి ఆ పూట నాకు చెప్పారు. జైల్లో ఆయన్ని ఒంటరిగా ఒక గదిలో పెట్టారట. ప్రశ్నలడిగే ఆఫీసరు తెలుగు మాట్లాడేవాడు. దేశం రెండు ముక్కలైనప్పుడు హైదరాబాదు నుంచి అటు వెళ్ళిపోయిన కుటుంబం. "మంచిగున్నవా తమ్మీ" అని పలకరించి సిగరెట్టు చాపేవాడు. నెల దాటాక ఒక మధ్యాహ్నం పక్కగది తూములోంచి గొంతు వచ్చింది. అది హైదరాబాదు తెలుగు కాదు, అచ్చంగా మన తీరం తెలుగు. "బావా, ఏ ఊరు నీది? మాటాడు బావా. మనిసి మాట ఇని నెలయ్యింది." బావగారు నోరు విప్పలేదు. ఇది కూడా ఆ ఆఫీసరు పన్నిన ఉచ్చే అనుకున్నారు. గొంతు రోజూ అదే వేళకి వచ్చేది. భీమిలి దారిలో ఒక పల్లె పేరు చెప్పేది. గంగమ్మ గుడి వెనకాల మూడో ఇల్లు, గుమ్మానికి పాత పడవ చెక్క, అమ్మ చేపలు అమ్ముతుంది. "నువ్వు ఇంటికెల్తే మాయమ్మకి సెప్పు బావా, నాను బతికే ఉన్నానని." పదిహేడు రోజులు అలా మాట్లాడింది. పద్దెనిమిదోనాడు మాట్లాడలేదు. సాయంత్రం దాకా ఓర్చుకుని, బావగారు అప్పుడు వంగి తన ఊరి పేరు చెప్పారు. జవాబు రాలేదు. కాసేపటికి తూములోంచి నీళ్ళు వచ్చాయి.

"ఆ గది కడిగేత్తన్నారమ్మా" అన్నారు. "నాను రూలు తప్పనేదు. రూలు తప్పకుండా ఒక మనిసిని ఒంటరిగా సంపేసేనేమో, నాకు తెలీదు."

ఆ పల్లె మన ఊరికి బస్సు దూరంలోనే ఉంది. మరి ఇన్నాళ్ళూ ఎందుకు వెళ్ళలేదని అడిగాను. "ఆ ఇల్లు నేకపోతే అదంతా ఆళ్ళ నాటకం, నాను గెలిసినట్టు. ఉంటే?" అన్నారు. ఆ భయం మోసుకు తిరగడం కన్నా చూసి రావడం నయమని నేను పట్టుబట్టాను. "తోడెళ్ళు, ఆడమనిసి ఉంటే ఆ ముసల్ది దడుసుకోదు" అన్నారు మా ఆయన.

ఇద్దరం ఆ పల్లెలో బస్సు దిగాం. గుడి ఉంది. మూడో ఇల్లు ఉంది. తాటాకు కప్పు, గుమ్మానికి అడ్డంగా నీలిరంగు వెలిసిపోయిన పడవ చెక్క. బావగారు దాన్ని చేత్తో తడిమి చూశారు. లోపల ముసలామె చేపలకి ఉప్పు పట్టిస్తోంది. గోడకి ఖాకీ బట్టల కుర్రాడి పటం, దానికి గవ్వలూ కాగితప్పూలూ గుచ్చిన దండ. యుద్ధం మొదలైన నాలుగోనాడే పోయాడని టెలిగ్రాం వచ్చిందట. శవం రాలేదు, అతని పెట్టె వచ్చింది. బావగారు పట్టుబడిందే అది జరిగిన పది రోజులకి. ఆ గొంతు విన్నది ఆ తర్వాత నెలకి పైన. ఆ లెక్క నాకు తట్టేసరికి ఉప్పుగాలి కొట్టే ఆ ఇంట్లో చలేసింది.

నేనైతే ఏదో వంక చెప్పి లేచిపోయేదాన్ని. ఆయన అలా చెయ్యలేదు. చేతులు కట్టుకుని నిలబడి, జైలూ, తూమూ, పదిహేడు రోజులూ, తాను పలకకపోవడమూ, ఒక్క ముక్క దాచకుండా అంతా చెప్పారు. ముసలామె ఉప్పు చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"ఆడు పాటలు పాడీవోడా నాయినా?" అంది చివరికి.

"నేదమ్మా. ఒక్కనాడూ పాడనేదు."

"అయితే మావోడు కాడు." ఆమె మళ్ళీ ఉప్పు రాయడం మొదలెట్టింది. "మా గుంటడు పాట నేకుండా ఒక్క పూట ఉండనేడు. ఎవుడో ఆడి ఉత్తరాలు సదివి నిన్ను బులిపించేడు. నువ్వు మాటాడకపోడమే మంచి పని. ఇంక దాన్ని తలుసుకోకు, ఇంటికెల్లు."

తిరుగు బస్సులో బావగారు నా ఎదురు సీట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆ వారమే పింఛను కాగితాలన్నిటి మీదా సంతకం పెట్టారు. తూము దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. నాకూ ఆ గొంతు మళ్ళీ వినపడలేదు. తర్వాత ఆయనకి ఉక్కు ఫ్యాక్టరీ కట్టేచోట కాపలా ఉద్యోగం దొరికింది. మేమంతా గాజువాక మారాం. బావగారు కొంచెం లావయ్యారు కూడా. లోడు లారీలాపి డ్రైవర్లని పేరూ ఊరూ అడగడం ఆయనకి మహా సరదా. వాళ్ళు ఒకటి చెప్తే ఈయన పది చెప్పేవారు. మా పిల్లలకి ఆయన వాగుడుకాయ పెదనాన్నగానే తెలుసు.

ఎనభైల్లో, ఒక చుట్టాలింటికి భీమిలి వెళ్ళి వస్తూ, ముసలామెని పలకరిద్దామని నేనొక్కదాన్నే ఆ పల్లెలో దిగాను. ఆమె లేదు. కూతురు చాప వేసి కూర్చోబెట్టింది. గోడ మీద పటం ఉంది, దండ లేదు. మేకు మాత్రం ఉంది.

"మీరెల్లిన సాయంత్రమే అమ్మ తీసీసిందప్పా" అంది ఆ అమ్మాయి. "అప్పట్నించీ నెలనెలా మిలిటరీ ఆఫీసుకెల్లి కూకుంటంది. మావోడు జైల్లో ఉన్నాడు, ఎతకండని. ఈయాలా అక్కడికే ఎల్లింది."

"మీ అన్న బాగా పాడేవాడట కదా?" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. "మా అన్నా? పాటా? పడవలో అందరూ ఎత్తుకుంటే ఆడొక్కడే నోరు మూసుకుని కూకునీవోడు."

ఆ మాట బావగారికి నేను చెప్పలేదు. ఆయన మరో ఇరవై ఏళ్ళు హాయిగా తిని, హాయిగా నిద్రపోయి, ఒక ఉదయం ఆ నిద్రలోనే పోయారు. ముసలామె అంతకు ముందే పోయిందని విన్నాను. చివరి నెలలో కూడా ఆఫీసుకి వెళ్ళిందట. ఆ గొంతు బతికున్నవాడిదో, చనిపోయినవాడి కాగితాలు చదివినవాడిదో, మా పెరట్లో నన్ను భయపెట్టింది దేనిదో, తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కాలం మనుషుల్ని ఒక్కొక్కరినే తీసుకుపోవడం చూశాను. వాళ్ళు చూసిన ఎదురుచూపుల్ని మాత్రం అది ఎక్కడ దాచిపెడుతుందో ఇన్నేళ్ళొచ్చినా నాకు అంతుబట్టలేదు.