ఆంధ్రా బస్సెక్కిన తోటికోడలు

మా తోటికోడలు బీఈడీకి కోదాడ పోతుంటే నాకు కడుపు మండేది. అబద్ధమెందుకు, మస్తు మండేది. సూర్యాపేటల బట్టల షాపుల పొద్దంత నిలబడి చీరెలు ఇప్పి మడతపెట్టేది నేను, బ్యాగేసుకొని టక్కుటక్కున బస్టాండుకు పోయేది ఆమె. ఫీజు మిర్యాలగూడల ఉన్న వాళ్ల నాయిన కట్టిండు. తెలంగాణ బస్సుల ఆడోళ్లు ఆధార్ కార్డు సూపిస్తే జీరో టికెట్, పైస కట్టేది లేదు. ఇగ ఆమెకు ఖర్చేముంది? టిఫిన్ డబ్బా గూడ నేనే కట్టిచ్చేది. అన్నం తినేటప్పుడు "మా కాలేజీల..." అని మొదలువెట్టేది. ఆ 'మా' ఇనంగనే నాకు ముద్ద దిగకపోయేది.

ఇంటర్ కాంగనే నాకు పెండ్లి చేసిన్రు. డిగ్రీ చదువుతనంటే మా అత్త, "జీతమొచ్చేదానికి సదువెందుకే?" అన్నది. నా జీతం ఆమె చేతులనే పెడుత. గందుకే ఆదివారాలు గూడ షాపుకు పోయి, ఆ పైసలు ఇంట్ల చెప్పకుండ డిగ్రీ ఫీజుకని ఫోన్ల దాసుకుంటున్న.

ఒకరోజు షాపుల ఉండంగ ఆమె ఫోన్ చేసింది. "అక్కా, తొందర్ల సూసుకోక ఆంధ్రా బస్సెక్కిన! ఇందుల మన తెలంగాణ కార్డు నడవదంట. జీరో టికెటే గదా అని పర్సు తేలే. నా ఫోన్ల రూపాయి లేదు. కండక్టర్ మునగాల కాడ దించేస్తనంటుండు. ఇయ్యాల పరీక్షక్కా!"

ముందుగాల నాకు నవ్వొచ్చింది. మంచిగైంది, తిక్క కుదిరింది అనుకున్న. గాని పరీక్ష అన్నది గదా, ఆ మాట నన్ను ఊకోనియ్యలే. దాసుకున్న పైసలల్లకెల్లి ఆమె ఫోన్‌కు టికెట్ పైసలు కొట్టిన.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ ముచ్చట అందరి ముందట నవ్వుకుంట చెప్పింది. "అక్క పైసలు కొట్టకుంటే నా పని ఖతమే!" అన్నది.

మా అత్త నా దిక్కు తిరిగింది. "జీతమంత నాకే ఇస్తివి. నీ ఫోన్ల పైసలు యాడియే?"

ఇగ దాసేదేముంది? "డిగ్రీ ఫీజుకు జమ చేసుకున్న అత్తమ్మా. ఆదివారాల పైసలు."

అత్త ఏమన్న అనేలోపే తోటికోడలు మూతి తిప్పి, "రెగ్యులర్ కాలేజీ కాదు గదక్కా, ఓపెన్ డిగ్రీయే గదా?" అన్నది.

నాకు ఒళ్లు మండింది.

"ఓపెనే చెల్లె," అన్న. "నాకు కట్టే నాయిన లేడు. నా పైసలకు గదే వస్తది. రేపు పోయి కడుతున్న."